వంటింటి మీద కరిగిన మంచు

2025 ఫిబ్రవరి. బోస్టన్‌కి పడమర వైపున్న ష్రూస్‌బరీలో ఒక ఇల్లు. ఆ చలికాలమంతా మంచు పడటం, అది కరగకముందే దాని మీద మళ్ళీ పడటం, మధ్యమధ్యలో ముక్కు ఊడిపోయేంత చలి. ఇళ్ళలో ఉన్నవాళ్ళకు విసుగు పుట్టించే ఇలాంటి రోజుల్లోనే నాకు చేతినిండా పని ఉంటుంది. నేను హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని. పైకప్పు నుంచి పునాది దాకా ఇల్లంతా చూసి, ఎక్కడ ఏ జబ్బుందో రిపోర్ట్ రాసివ్వడం నా వృత్తి. గుంటూరులో సివిల్ ఇంజినీరింగ్ చదివాను. పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి, డిపెండెంట్ వీసా మీద కొన్నేళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. పని చేసుకునే అనుమతి రాగానే ఈ లైసెన్స్ తెచ్చుకున్నాను. "ఆడవాళ్ళు నిచ్చెనలెక్కే ఉద్యోగమేంటండీ" అని మావారి స్నేహితులు తెగ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళే ఇల్లు కొనేటప్పుడు డిస్కౌంట్ ఇవ్వమని నాకు ఫోన్లు చేశారు. ఇవ్వలేదు.

చలికాలంలో నాకు వచ్చే ఫోన్లలో సగం ఐస్ డ్యామ్ గురించే ఉంటాయి. ఆ మాట వినని వాళ్ళకోసం చెప్తాను. మంచు దేశంలో ఇల్లు లోపల వెచ్చగా ఉండాలి గానీ, పైకప్పు మాత్రం బయట ఉన్నంత చల్లగా ఉండాలి. సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉండే ఖాళీని అటిక్ అంటారు, మన అటకలాంటిదే. ఇంట్లో వేడి ఆ అటిక్‌లోకి ఎక్కితే పైకప్పు వేడెక్కి, దాని మీది మంచు అడుగు నుంచి కరుగుతుంది. కరిగిన నీళ్ళు జారుకుంటూ చూరు దాకా వచ్చి, అక్కడ చలికి మళ్ళీ గడ్డకట్టి గట్టులా తయారవుతాయి. వెనకాల వచ్చే నీళ్ళు దారి లేక, పైకప్పు మీద పెంకుల్లా పరిచిన షింగిల్స్ కిందికి దూరి ఇంట్లోకి దిగుతాయి. చూరుకు వేలాడే మంచు ఊచలను చూసి మనవాళ్ళు మురిసిపోయి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆ ఫొటోలు చూస్తే నాకు మాత్రం గుండె దడ పుడుతుంది.

ఆ ఫిబ్రవరిలో వసంత ఫోన్ చేసింది. "అక్కా, మీరు నన్ను గుర్తు పడ్తరో లేదో. సుధాకర్ గారి భార్యను. ఉగాది ఫంక్షన్‌ల మైకులు, స్పీకర్లు చూసుకునేటాయన," అంది.

సుధాకర్ గారు గుర్తున్నారు. పెద్దగా మాట్లాడని మనిషి. స్టేజీ మీద ఎవరు ఎంత ఊదరగొట్టినా ఆయన మాత్రం పక్కన వైర్లు సర్దుకుంటూ, చేతికి టేపు చుట్ట గాజులా తొడుక్కుని తిరిగేవారు. కిందటి ఆగస్టులో ఆఫీసు పార్కింగ్ లాట్‌లో గుండె ఆగి పోయారు. నేను అప్పుడు ఊళ్ళో లేను, పలకరించడానికి కూడా వెళ్ళలేదు.

వసంత సంగతంతా చెప్పింది. వారం కింద వంటింటి పక్కనున్న హాల్లో సీలింగ్ తడిసి, ఉబ్బి, ఒక ముక్క ఊడి సోఫా మీద పడింది. ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్తే ఒకాయన వచ్చి, అటిక్‌లోకి తల మాత్రం పెట్టి చూసి, ఇది ఇప్పటికిప్పుడు వచ్చిన నష్టంలా లేదు, ఏళ్ళ తరబడి చెమ్మ పట్టినట్టుంది, అలాంటివాటికి మేం ఇవ్వం అన్నాడట. కాదని మీరంటే వేరే ఇన్‌స్పెక్టర్ చేత రిపోర్ట్ రాయించుకొచ్చి చూపించమన్నాడట. వసంత ఒక పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఆ జీతంతో ఇంటి లోన్ కట్టడమే గండం. ఇన్సూరెన్స్ ఇస్తే ఇల్లు నిలబడుతుంది, ఇవ్వకపోతే అమ్ముకోవడమే. కూతురు మానస పదకొండో తరగతి, ఇక్కడ స్కూలు పన్నెండు దాకా.

"నాకు ఒక్క ఏడాది చాలక్కా. పిల్ల స్కూల్ అయిపోయి కాలేజీకి పోయేదాకా ఈ ఇంట్ల ఉంటే చాలు. వాళ్ళ నాన్న పోయిన సంవత్సరమే ఇల్లు, స్కూలు గూడ పోతే అది తట్టుకోదు," అంది. "మీరు మనోళ్ళు కదా, మంచిగ చూసి రాయున్రి."

మనోళ్ళు అన్న మాట వింటే నాకు సాధారణంగా ఒళ్ళు మండుతుంది. ఆ మాట వెనకాల ఎప్పుడూ ఏదో ఒక సర్దుబాటు ఉంటుంది. ఆ రోజు మండలేదు. మర్నాడు పొద్దున వస్తానన్నాను.

వాళ్ళది ర్యాంచ్ ఇల్లు, అంటే మేడ లేకుండా అంతా ఒకే అంతస్తులో ఉండేది. నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు రోడ్డు మీదే కారాపి కాసేపు పైకప్పు చూస్తాను. మంచు పడ్డాక ఇంటి పైకప్పు చాలా సంగతులు దాచకుండా చెప్పేస్తుంది. ఆ వీధిలో అన్ని ఇళ్ళ మీదా మంచు పరుపులు పరిచినట్టు సమంగా ఉంది. వసంత వాళ్ళింటి మీద ఒక్కచోట, పెద్ద చాప పరచినంత మేర, మంచు లేదు. నల్లటి షింగిల్స్ తడిగా మెరుస్తున్నాయి. దాని కింద చూరు పొడుగునా మంచు గట్టు కట్టింది. అది వంటింటి వైపు. అక్కడేదో వేడి ఎక్కుతోందని కారు దిగకుండానే అర్థమైంది. ఏం వేడి అన్నదే తెలియాలి.

వసంత తలుపు తీసింది. మనిషి బాగా చిక్కిపోయింది. లోపలికి రమ్మనకుండా ముందు నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి గోడకు తగిలించిన రూఫ్ రేక్ చూపించింది. పొడుగాటి అల్యూమినియం గొట్టానికి చివర వెడల్పాటి రేకు ఉంటుంది. నేల మీద నిలబడే చూరు మీది మంచును దాంతో కిందికి లాగొచ్చు. పిడికి చెయ్యి జారకుండా నీటుగా టేపు చుట్టి ఉంది.

"మంచు ఆగంగనే ఆయన దీన్ని పట్టుకొని బయటికి పోయేటోరు. టీ గూడ తాగకపోతుండె. ఇల్లు చుట్టూత లాగి, బూట్లు దులుపుకొని వచ్చి అప్పుడు తాగేటోరు," అంది. "ఆయన ఉన్నన్ని రోజులు ఒక్క చుక్క కారలేదక్కా. ఈసారి మొదటి మంచుకు నేను లాగిన. భుజాలు పడిపోయినయి. తర్వాత లాగలే. మానస లాగుతా అంటే గూడ వద్దన్న, చలికి పోతదని. నేను లాగలేదు కాబట్టే కారింది. అవునా?"

చూడందే ఏమీ చెప్పలేనన్నాను. భర్త పోయిన దుఃఖం చాలదన్నట్టు, ఆయన ఏళ్ళ తరబడి కాపాడిన ఇంటిని ఒక్క చలికాలంలో తాను పాడు చేశానన్న బరువు నెత్తికెత్తుకుని ఉంది. ఇది వసంత తప్పు కాదని చెప్పగలిగే కారణం ఏదో ఒకటి వెతికి పట్టుకోవాలని నాలో నేను అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ అలా అనుకోకూడదు. అయినా అనుకున్నాను.

అటిక్‌లోకి దారి హాల్లో చిన్న చదరపు మూత. నిచ్చెన వేసుకుని, మాస్క్ పెట్టుకుని, తలకు లైటు కట్టుకుని మూత పైకి నెట్టాను. ఈ పనిలో అటిక్ వాసనలు నాకు బాగా తెలుసు. ఎలుకల వాసన, బూజు వాసన, పాత దూది వాసన. ఇక్కడ మాస్క్‌లోంచి కూడా వచ్చి తగిలింది ఇంగువ వాసన. ఎండుమిరపకాయ వేగిన ఘాటు, మాడిన ఆవాలు, పాతబడ్డ నూనె జిడ్డు. అరక్షణం నేను ఏ ఇంట్లో ఉన్నానో, ఏ అంతస్తులో ఉన్నానో తోచలేదు.

చెక్కదూలాల మీద మోకాళ్ళతో పాకుతూ వంటింటి పైభాగానికి వెళ్ళాను. కింద పరిచిన ఇన్సులేషన్, అంటే చలి రాకుండా వేసే పింక్ రంగు దూదిలాంటిది, అక్కడ అట్టకట్టి గోధుమరంగుకి తిరిగింది. పైకప్పు కిందివైపు ఉండే ప్లైవుడ్ నల్లబడింది. షింగిల్స్ కొట్టిన మేకుల కొసలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటన్నిటికీ తుప్పు, ఆ తుప్పు మీద తెల్లగా మంచుపొర. చెమ్మ కొలిచే మీటర్ చెక్కకు ఆనిస్తే అది కూతపెట్టింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఉప్మాలోకి చెంచా దిగినట్టు దిగింది. ఒక చోట కాదు. ఆ వాలు మొత్తం, శిఖరం దాకా.

ఆ నలుపు మధ్యలో కనపడింది అల్యూమినియం గొట్టం. పొయ్యి మీది ఫ్యాన్ లాగిన పొగను బయటికి తీసుకెళ్ళాల్సిన డక్ట్. అది గోడ వైపు వెళ్ళాలి. గోడ వైపు వెళ్ళే పాత ముక్కను కోసేసి, డక్ట్ మూతిని పైకి తిప్పి, దూలానికి క్లాంపులతో బిగించి వదిలేశారు. అతుకుల చుట్టూ వెండిరంగు టేపు. ఒక్క ముడత లేదు, ఒక్క గాలిబుడగ లేదు. చేసింది మేస్త్రీ కాదని చూడగానే తెలిసింది. డబ్బులకు చేసేవాడు అంత శ్రద్ధగా టేపు వెయ్యడు.

కిందికి దిగి, చేతులు కడుక్కుని వంటింట్లో కూర్చున్నాను. వసంత టీ పెడుతోంది. మానస ఎదురుగా లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది గానీ చూపంతా నా మీదే ఉంది. పొయ్యి మీది ఫ్యాన్ ఎప్పుడు పెట్టించారని అడిగాను. మామూలుగా అడిగినట్టే అడిగాను.

"అది ఇల్లు కొన్నప్పటి నుంచే ఉంది," అంది వసంత. "కొన్నాక రెండో వేసంకాలమో ఎప్పుడో ఆయన దాన్ని మంచిగ చేసిన్రు." ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. అదంతా చెప్పనిచ్చాను.

ఫ్యాన్ గొట్టం మొదట పక్కింటి వైపు గోడలోంచి బయటికి ఉండేదట. పక్కింట్లో ఒక పెద్దావిడ. వేసవిలో వాళ్ళ పెరట్లో చెక్క అరుగులాంటి డెక్ మీద మనవలతో కూర్చునేది. ఒకరోజు కంచె దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, నవ్వుతూనే, మీ వంట వాసనకు పిల్లలు బయట కూర్చోలేకపోతున్నారు, కిటికీలు వేసుకున్నా ఇంట్లోకి వస్తోంది, ఏమైనా చెయ్యగలరా అని అడిగిందట.

"గట్టిగ తిట్టినా బాగుండు. నవ్వుకుంట అన్నది. నేను లోపలికొచ్చి బాత్రూంల ఏడ్చిన," అంది వసంత. "వారం రోజులు పోపు పెట్టలే. పాస్తా, ఉడకబెట్టిన కూరగాయలు. మానసకు అవే ఇష్టం కాబట్టి దానికి పండుగ. ఆయన మాత్రం రెండు ముద్దలు తిని లేస్తుండె. ఒక శనివారం, 'నువ్వు పోపు పెట్టు, వాసన సంగతి నేను చూసుకుంట' అన్నరు. పొద్దంత పైనే ఉన్నరు. దిగినంక మొహమంత దుమ్ము. 'ఇప్పుడు ఫ్యాన్ వేసి చూడు' అన్నరు. నేను పోపు పెట్టి, ఉరుక్కుంట బయటికి పోయి గోడ దగ్గర నిలబడ్డ. ఏం వాసన లేదు! లోపల లేదు, బయట లేదు. ఏదో ఫిల్టర్ పెట్టిండ్రేమో అనుకున్న. ఆయనకు అట్లాంటివన్ని తెలుసు కదా. ఆవిడ మళ్ళ ఒక్క మాట అనలే."

నేను టీ కప్పు అందుకున్నాను. ఇక్కడ మన ఇళ్ళలో ఈ వాసన గోల అందరికీ ఉన్నదే. తాలింపు పెట్టేముందు కోట్లన్నీ బెడ్‌రూమ్‌లో పడేసి తలుపు వేస్తాం. చేపలు వండాలంటే గరాజ్‌లో పొయ్యి పెట్టుకుని, జాకెట్, టోపీ వేసుకుని నిలబడి వండుతాం. పిల్లల స్నేహితులు వస్తున్నారంటే కొవ్వొత్తులు వెలిగిస్తాం. నేనూ చేశాను ఇవన్నీ. సుధాకర్ గారు అందరికన్నా ఒక అడుగు ముందుకేసి, భార్యను ఇంకెవరూ ఒక్క మాట అనకుండా ఆ వాసనను ఇంట్లోనే ఎక్కడో పెట్టేశారు. మంచి ఇంజినీరే. కంప్యూటర్లకు.

వేసవిలో అది పెద్ద ప్రమాదం కాదు. చలికాలంలో మాత్రం ఫ్యాన్ వేసిన ప్రతిసారీ కుక్కర్ ఆవిరి, అన్నం ఆవిరి, నూనె పొగ, అన్నీ ఆ చల్లటి చెక్కకు తగిలి నీరవుతాయి. ఆ వేడికే పైన మంచు కరుగుతుంది. ఆయన పొద్దున్నే లేచి చూరు మంచు లాగేయడం వల్ల ఆ నీళ్ళు నిలబడకుండా జారిపోయేవి. అందుకే ఇన్నేళ్ళూ హాల్లోకి చుక్క పడలేదు. లోపల చెక్క మాత్రం ప్రతి చలికాలమూ నానుతూనే ఉంది. ఆ రేక్ ఇంటిని కాపాడుతోందని ఆయనా నమ్మారు, వసంతా నమ్మింది. పాడవుతున్న సంగతి కనపడకుండా అడ్డుపడింది కూడా అదే.

బయట గోడ చూసొస్తానని లేచాను. పాత గొట్టం ఉండాల్సిన చోట చెక్క బిళ్ళ బిగించి, చుట్టూ సీల్ చేసి, గోడ రంగే వేశారు. తెలిసి చూస్తే తప్ప కనపడదు. మానస కోటు కూడా వేసుకోకుండా నా వెనకే వచ్చింది.

"అది డాడ్ చేశాడు కదా, ఆంటీ?" అంది. ఆ పిల్ల తెలుగులో గట్టి అక్షరాలన్నీ మెత్తగా పలుకుతాయి. "అందుకే రూఫ్ పాడైంది, రైట్?"

ఎలా తెలిసిందన్నాను.

"నువ్వు ఫ్యాన్ అడిగావు. అమ్మ చెప్తుంటే నీ ఫేస్ చూశాను." చూరు వైపు చూపించి, "ఇప్పుడు అక్కడ ఐస్ డ్యామ్ ఉంది కదా? ఇట్ ఈజ్ ఎన్ ఐస్ డ్యామ్. సో జస్ట్ ఐస్ డ్యామ్ అని రాయి, ఇన్సూరెన్స్ పే చేస్తుంది. అది లై కాదు. పైప్ మనం ఫిక్స్ చేసుకుంటాం. నేను యూట్యూబ్ చూసి చేస్తాను," అంది.

చలికి ఆ పిల్ల పెదాలు నీలమవుతున్నాయి. అది పోగొట్టుకోబోయేది ఏమిటో దానికి నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఐస్ డ్యామ్ అని మాత్రమే రాస్తే, బాగు చెయ్యడానికి వచ్చినవాళ్ళు షింగిల్స్ విప్పగానే కింద నల్లటి చెక్క చూస్తారు. ఒక్క హాలు మీద కాదు, వాలు మొత్తం. అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు మీ అమ్మ తెలిసి దాచిందంటారు. ఇప్పుడు డబ్బులు ఇవ్వం అంటున్నారు, అప్పుడు కేసు పెడతారు. పైగా ఆ చెక్క మీద ఇంకో పెద్ద మంచు పడితే మోస్తుందన్న హామీ నేనివ్వలేను, దాని కింద మీరిద్దరూ పడుకుంటారు.

"ఓకే," అంది. అలవాటుగా అన్న ఓకే. "అయితే అమ్మకి చెప్పకు ఆంటీ. రిపోర్ట్‌లో రాయి, అమ్మకి మాత్రం చెప్పకు. ప్లీజ్."

లోపలికి వెళ్ళేసరికి వసంత అక్కడే, అదే కుర్చీలో ఉంది. నేను కూర్చోకముందే అడిగింది. "చెప్పండక్కా. నేను లాగి ఉంటే కారేది కాదు కదా?"

మానస నా వైపే చూస్తోంది. నాకు రెండు దారులు కనిపించాయి. ఏమీ చెప్పకుండా బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతే, రేపు రిపోర్ట్ ఇంగ్లీషులో చదువుకుని ఒక్కతీ కూర్చుని తెలుసుకుంటుంది. తెలుసుకునేదాకా తన తప్పే అనుకుని కుమిలిపోతుంది. అది నాకు అన్యాయం అనిపించింది, చెప్పడమే మేలనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని, "నీ తప్పేం లేదు వసంతా," అన్నాను. లాగినా లాగకపోయినా ఈ చెక్క ఎప్పుడో చచ్చిపోయిందని, ఈ ఏడు కారకపోతే వచ్చే ఏడు కారేదని, ఫ్యాన్ గొట్టం అటిక్‌లోకి ఉండటం వల్లే ఇదంతా జరిగిందని, ఇలాంటివి చాలా ఇళ్ళలో జరుగుతాయని, ఎంత మెత్తగా చెప్పగలనో అంత మెత్తగా చెప్పాను.

ఆమె ముందు నన్ను చూసింది. తర్వాత తలెత్తి పొయ్యి మీది ఫ్యాన్‌ని చూసింది.

"బయటికి పోతలేదా అది?"

"లేదు."

"ఇన్నేండ్లు పైకే పోయిందా? నేను వండిందంత?"

నేను తలూపాను.

"అందుకేనా వాసన రాలేదు," అంది మెల్లగా. ఇంకాసేపటికి, "వచ్చే ఏడు కారేదన్నరు కదక్కా. నాకు కావాల్సింది గూడ ఒక్క ఏడే కదా. లాగి ఉంటే ఆ ఒక్క ఏడు దొరికేదేమో," అంది.

ఆమె లెక్కలో తప్పు లేదు. నేను ఆమె నెత్తి మీది బరువు దించుదామని వెళ్ళి, పాత బరువును అలాగే ఉంచి దాని మీద ఇంకొకటి పెట్టానని అప్పుడు తెలిసింది. మానస లేచి వెళ్ళి తన గది తలుపు వేసుకుంది. వసంత ఏడవలేదు. పొయ్యి మీద గిన్నెలో ఉన్న పప్పుకి మూత పెట్టి, దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఇంకా తాలింపు వేయని పప్పు.

రిపోర్ట్‌లో ఉన్నదున్నట్టు రాశాను, అటిక్‌లో తీసిన ఫొటోలు జతచేశాను. ఐస్ డ్యామ్ ఉందని రాశాను, అది ఎందుకు వచ్చిందో కూడా రాశాను. తక్షణం డక్ట్ బయటికి మార్చాలని, ఆ వాలు కింద ఉన్న గదులు వాడొద్దని రాశాను. అనుకున్నట్టే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వలేదు. నాకు తెలిసిన కాంట్రాక్టర్ చేత ఆ చలికాలం గడిచేదాకా లోపల ఊతాలు పెట్టించాను, చూరు మంచు ఆవిరితో కరిగించే వాళ్ళను పంపించాను. వంటింటి మీద మంచు ఆ తర్వాత మిగతా ఇంటి మీద ఉన్నట్టే సమంగా నిలిచింది. వసంత ఫ్యాన్ వెయ్యడం మానేసిందని దాన్ని చూస్తేనే తెలిసింది. మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు డబ్బు పోగుచేసి ఇస్తామంటే వసంత ఒప్పుకోలేదు. "ఆయన పేరు చెప్పి ఎట్ల అడుగుతరు? ఏమైందంటే ఏం చెప్తరు?" అంది. భర్త చేసిన పని నలుగురి నోళ్ళలో నానడం ఆమెకు ఇష్టం లేదు. ఏప్రిల్‌లో ఇల్లు ఉన్నదున్నట్టుగా ఒక బిల్డర్‌కి అమ్మేసింది. అతను దాన్ని బాగుచెయ్యలేదు. మొత్తం పడగొట్టి కొత్తది మొదలుపెట్టాడు. తల్లీకూతుళ్ళు అద్దె తక్కువని న్యూ హాంప్‌షైర్ వైపు నాషువాలో ఒక అపార్ట్‌మెంట్‌కి మారారు. మానస ఆఖరి ఏడాదికి ఒక్కరూ తెలియని స్కూల్లో చేరింది.

జూలైలో వాళ్ళను చూడటానికి వెళ్ళాను. మానస ఇంట్లో లేదు, ఐస్‌క్రీమ్ షాపులో పనికి వెళ్ళిందట. ఉన్నా బహుశా నాతో మాట్లాడేది కాదు. వసంత భోజనం పెట్టింది. అన్నం, ఉడకబెట్టిన పప్పు, ఉప్పు చల్లిన బీన్స్. ఆవగింజ లేదు, కరివేపాకు లేదు. నేను అడగలేదు. నా కంచం చూసి తనే చెప్పింది.

"పోపు పెడ్తలేనక్కా. చెయ్యి పోతలేదు. నూనె వేడైతుంటే పైకి చూస్త. ఇక్కడ పైన వేరేటోళ్ళు ఉంటరు, అటిక్ లేదు, తెలుసు. అయినా చూస్త."

కొన్నాళ్ళు పోతే మారుతుందన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట ఇంకోటి లేదని అంటుండగానే తెలుసు.

ఆమె కంచంలో మెతుకులు అటూఇటూ జరుపుతూ, "మిమ్మల్ని తప్పు పడ్తలేను. మీ పని మీరు చేసిన్రు," అంది. "కానీ ఆ రోజు మీరు నా తప్పేం లేదన్నరు చూడున్రి. అంతకుముందు దాకా నేనే లాగలేదు, నేనే పాడు చేసిన అని ఏడుస్తుంటి. ఆయన ఎంత మంచిగ చూసుకున్నరో, నేనే పనికిరానిదాన్ని అని. అట్ల ఏడ్చినా గూడ, ఆయన యాదికొస్తె నిమ్మళంగ ఉంటుండె. ఇప్పుడు ఆయన్ని యాది చేసుకుందామంటే ఆ నల్లటి చెక్కలే కనబడుతున్నయి. మీరు ఫొటోలు తీసిన్రు కదా, అవి. కోపం చేద్దామంటే నాకోసమే చేసిన్రు. ఏడుద్దామంటే ఏడుపొస్తలేదు. నా తప్పే ఉంటే బాగుండక్కా. నేనొక్కదాన్నే మోసుకునేదాన్ని."

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఎండ. రోడ్డుకు రెండువైపులా ఇళ్ళ పైకప్పులు పొడిగా, శుభ్రంగా, ఏ జబ్బూ లేనట్టు కనిపిస్తున్నాయి. వేసవిలో అన్ని ఇళ్ళూ అలాగే ఉంటాయి.

ఈ కేసు నేర్పింది చెప్పమంటే, పనికి సంబంధించినంత వరకు సులువే. ఇప్పుడు ఏ తెలుగువాళ్ళింటికి వెళ్ళినా ముందు పొయ్యి మీది ఫ్యాన్ వేసి, ఆ గాలి ఎక్కడికి పోతోందో బయటికెళ్ళి చూసుకుంటాను. ఆ గాలి లోపలే తిరుగుతున్న ఇళ్ళు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. పని దాటి నేర్చుకున్నది మాత్రం నాకు ఏ రకంగానూ ఊరటనివ్వలేదు. కారణం తెలిస్తే మనిషికి మనసు తేలికపడుతుందని ఇన్నేళ్ళూ నమ్మి ఈ ఉద్యోగం చేశాను. ఆ నమ్మకం ఇప్పుడు లేదు. కారణం చెప్పాల్సిందే, చెప్తూనే ఉన్నాను, లేకపోతే పైకప్పు కూలి జనం పోతారు. కానీ 'మీ తప్పేం లేదు' అన్న మాట ఇప్పుడు ఎవరింట్లోనూ అనను. ఆ మాట అని నేను ఎవరి దగ్గర ఏం లాగేసుకుంటున్నానో నాకు తెలియదు.